కథ చదివాక ఒక్క వాక్యం
(మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో చదువు గురించి ఎవరో ఒకరు మాట్లాడటం ఆనవాయితీ. స్కాలర్‌షిప్పులు, హాస్టళ్లు, ఆడపిల్లల పైచదువులు, వీటి గురించి నాకంటే బాగా తెలిసిన పెద్దలు మనలో ఉన్నారు. నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే మనిషిని. అందుచేత నల్లబల్ల దగ్గరి విషయమే ఒకటి మీ ముందు పెడుతున్నాను. వినడానికి చిన్నది. కాని మన పిల్లలు చదువులో నిలబడటం, జారిపోవడం చాలావరకు దీని మీదే ఆధారపడి ఉందని నా నమ్మకం.

ఆ విషయం పేరు మర్కజీ ఖయాల్. ఉర్దూ మీడియంలో చదివిన ప్రతివారికీ ఈ మాట తెలుసు. పరీక్షలో ఒక నజ్మ్ పేరు గాని, కథ పేరు గాని ఇచ్చి, దాని మర్కజీ ఖయాల్ రాయమంటారు. తెలుగులో కేంద్రభావం అనుకోవచ్చు. ఆ కవి గాని, కథకుడు గాని, మొత్తం మీద మనిషి బతుకు గురించి ఏమంటున్నాడో అది. ఖులాసా వేరు. కథను కుదించి చెబితే ఖులాసా. తెలుగు అయ్యవార్లు సారాంశం అంటారు. తష్రీహ్ వేరు. ఒక షేర్‌ను విడదీసి అర్థం చెబితే తష్రీహ్. పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం చెప్పినట్టు. ఈ రెండూ మన పిల్లలు ఎలాగో నెట్టుకొస్తారు. మూడోదాని దగ్గరకు వచ్చేసరికి బండి ఆగిపోతుంది.

ఆగినప్పుడు ఏం చేస్తారు? గైడు తెరుస్తారు. గైడులో నాలుగు వాక్యాలుంటాయి. అవి బట్టీ పట్టి పరీక్షలో దింపేస్తారు. అదే పాఠం వస్తే గట్టెక్కుతారు. ఎన్నడూ చూడని గద్యభాగం ఇచ్చి దీని భావం రాయండి అంటే కలం కదలదు. నలభై మంది పిల్లల పేపర్లు దిద్దితే నలభై పేపర్లలో ఒకే వాక్యం, ఒకే తప్పుతో సహా కనబడుతుంది. అప్పుడు నేను దిద్దుతున్నది పిల్లలనా, గైడునా అని నాకే సందేహం వస్తుంది.

ఈ నష్టం మార్కులతో పోయేది కాదు, అందుకే మీ ముందుకు తెచ్చాను. రేపు వాడు పెద్దవాడై అప్పుకాగితం మీద సంతకం పెట్టాలి. భూమి కాగితం చదవాలి. ఎవరో ఫోనులో పంపిన మాటను నమ్మాలా, మానాలా తేల్చుకోవాలి. అక్కడంతా అదే ప్రశ్న: ఇంత పొడుగు రాత మొత్తం మీద ఏమంటోంది? ఈ ప్రశ్న తనకు తాను వేసుకోలేనివాడు, ఎవరు చదివిపెడితే వారి మాట మీద బతకాల్సి వస్తుంది. మనలో ఎందరు అలా బతికి నష్టపోయారో ఈ సభలో పెద్దలకు నేను చెప్పనక్కరలేదు.

ఇక దీన్ని నేర్పే పద్ధతి చెబుతాను. మొదట పిల్లలకు తెలియజేయవలసింది, ఒక మాట వేరు, ఒక వాక్యం వేరు అని. మన పులికాట్‌నే తీసుకోండి. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు మనది. చలికాలంలో ఫ్లెమింగోలు వస్తాయి, నేలపట్టు చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. సూళ్లూరుపేటలో పక్షుల పండుగ చూడని పిల్లవాడు మన తరగతిలో ఉండడు. నేను బల్ల మీద "ఫ్లెమింగోలు" అని రాసి, ఇది ఏమంటోంది అని అడుగుతాను. పిల్లలు దిక్కులు చూస్తారు. ఏమీ అనడం లేదు, అది ఒట్టి పేరు. దాని గురించి ఏమైనా అనండి అంటాను. ఒకడు, "చలికాలంలో వస్తాయి సార్" అంటాడు. అది సమాచారం. ఇంకొకడు, "మేత దొరికినన్నాళ్లు ఉండి పోతాయి సార్" అంటాడు. అదీ సమాచారమే, కాని కొంచెం దగ్గరికొచ్చాడు. ఆఖరి బెంచీ నుంచి ఒకడు లేచి, "ఎవరు ఎక్కడ పుట్టినా, కడుపు నిండిన చోటే వాళ్ల ఊరు సార్" అన్నాడు. తరగతి నవ్వింది. వాళ్ల నాయన పనికోసం మద్రాసు పోయి అక్కడే ఉండిపోయిన మనిషి. ఆ మాట పక్షి గురించి మొదలై మనుషులందరి మీదికి పోయింది. అలా ముగిసే వాక్యమే మర్కజీ ఖయాల్.

ప్రేమ, పేదరికం, స్నేహం, ఇవన్నీ ఒట్టి పేర్లు. ఉర్దూలో మౌజూ అంటాం. "ఈ కథ మర్కజీ ఖయాల్ పేదరికం" అని రాస్తే సగం దారిలో దిగిపోయినట్టే. పేదరికం గురించి ఈ కథ ఏమంటోంది? దానికి క్రియతో కూడిన పూర్తి వాక్యం కావాలి.

మీ అందరికీ తెలిసిన కథ మీదే చూద్దాం. ప్రేమ్‌చంద్ గారి ఈద్‌గాహ్. 1933లో అచ్చయిన కథ. తల్లీతండ్రీ లేని హమీద్, దాదీ అమీనా దగ్గర పెరుగుతుంటాడు. పండుగ నాడు జేబులో మూడు పైసలు పెట్టుకుని స్నేహితులతో ఈద్‌గాహ్‌కు పోతాడు. వాళ్లు మిఠాయిలు, మట్టిబొమ్మలు కొంటారు. వీడు చిమ్టా, అంటే పట్టకారు, కొని తెస్తాడు. రొట్టెలు కాల్చేటప్పుడు దాదీ వేళ్లు కాలుతున్నాయని. దాదీ ముందు కోప్పడుతుంది, తర్వాత చిన్నపిల్లలా ఏడుస్తుంది.

పిల్లలు చెప్పే మొదటి వాక్యం, "హమీద్ దాదీ కోసం చిమ్టా కొన్నాడు." ఇది ఖులాసా. రెండో వాక్యం, "పెద్దలను ప్రేమించాలి." ఇది నసీహత్, నీతి. ఇక్కడ కొంచెం ఆగాలి. నీతి చెడ్డదని నేనడం లేదు. మన ఇళ్లలో నీతి లేకుండా కథ చెప్పరు, చెప్పకూడదు కూడా. కాని నీతి మనిషికి "ఇలా చెయ్యి" అని హుకుం ఇస్తుంది. మర్కజీ ఖయాల్ "మనుషుల సంగతి ఇలా ఉంటుంది, చూశావా" అని కళ్ల ముందు పెడుతుంది. పెద్దలను ప్రేమించాలి అన్న వాక్యం వెయ్యి కథలకు సరిపోతుంది. వెయ్యి తాళాలకు సరిపోయే తాళంచెవితో మన ఇంటి తాళానికి పనేముంది?

అందుకని పిల్లలు చెప్పే వాక్యాలను నేను నాలుగు జల్లెడల్లో పోస్తాను. మొదటి జల్లెడ: వాక్యంలో పాత్రల పేర్లు ఉండకూడదు. హమీద్‌ను, దాదీని, చిమ్టాను తీసేసి చెప్పాలి. అప్పుడు వాక్యం కథ దాటి బయటికొస్తుంది. రెండో జల్లెడ: "చెయ్యాలి, ఉండాలి" అని ముగియకూడదు. హుకుం కాకుండా ఎరుక కావాలి. మూడో జల్లెడ: "అందరూ, ఎప్పుడూ, ఎవ్వరూ" అనే మాటలు వచ్చాయంటే ఆగి చూసుకోవాలి. "పేదపిల్లలందరూ మంచివాళ్లు" అని ఒకడు రాస్తాడు. కథలో ఉన్న పేదపిల్లలంతా అలా ఉన్నారా? హమీద్ స్నేహితులేమీ నవాబుల బిడ్డలు కారే!

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. నికాహ్‌కు ఇద్దరు గవాహ్‌లు కావాలి గదా, వాక్యానికి కూడా ఇద్దరు గవాహ్‌లు కావాలి అని చెబుతాను. నీ వాక్యం నిజమనడానికి కథలో రెండు చోట్లు వేలుపెట్టి చూపించు. చూపిస్తే నీ వాక్యం గైడులో లేకపోయినా మార్కులు వేస్తాను. చూపించలేకపోతే గైడులో ఉన్నా వెయ్యను. ఈ పోలిక పిల్లలకు ఎంత పట్టుబడిందంటే, ఇప్పుడు ఎవడు ఏ మాటన్నా పక్కవాడు, "గవాహ్ కహాఁ?" అని అడుగుతున్నాడు. ఇంట్లో మిమ్మల్ని కూడా అడుగుతుంటే కోప్పడకండి, అది నా చలవే.

ఈ నాలుగు జల్లెడలు పట్టాక ఏం మిగులుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి. పేరు చెప్పను. పెద్దగా నోరు విప్పే పిల్ల కాదు. ఈద్‌గాహ్ పాఠం అయ్యాక ఒక చీటీ మీద ఉర్దూలో రాసి ఇచ్చింది. తెలుగులో చెబితే ఇది: "ఇంట్లో లేమి ఉంటే పిల్లలు అడగడం మానేస్తారు. పెద్దలు దాన్ని మంచితనం అనుకుంటారు."

నేను చదివి కాసేపు మాట్లాడలేదు. బల్ల మీద రాసి, గవాహ్‌లు ఎవరు అని తరగతిని అడిగాను. పిల్లలు పుస్తకం తిరగేశారు. హమీద్ బొమ్మల్ని ఆశగా చూస్తాడు, చేతికి తీసుకోవాలని చెయ్యి చాస్తాడు. అది ఒక గవాహ్. మిఠాయిల దగ్గర స్నేహితులు ఊరించి ఏడిపిస్తారు, అయినా డబ్బు తీయడు; అది రెండో గవాహ్. అంటే వాడికి కోరిక లేక కాదు. "మరి దాదీ మంచితనం అనుకుందా?" అని ఇంకొకమ్మాయి అడ్డం తగిలింది. ఆ సగానికి గవాహ్ లేదని ఆమె వాదన. పిల్లవాడు ఎంత అణచుకున్నాడో దాదీకి అర్థమైంది కాబట్టే ఏడ్చింది గదా అని గట్టిగా నిలబడింది. అప్పుడా మొదటి అమ్మాయి లేచి తన వాక్యాన్ని తానే సరిదిద్దింది: "ఇంట్లో లేమి ఉంటే పిల్లలు అడగడం మానేస్తారు. ప్రేమ ఉన్న పెద్దలకు అది ఆలస్యంగానైనా తెలుస్తుంది." గంట మోగినా ఎవరూ లేవలేదు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో అటువంటి పీరియడ్లు వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు.

పెద్దలారా, ఆ పిల్ల తన ఇంట్లో ఆ మాట అనగలదా? అనలేదు. అంటే బేఅదబీ అవుతుంది. హమీద్ గురించి మాత్రం అనగలిగింది. కథ పిల్లలకు చేసే ఉపకారం ఇది. అదబు తప్పకుండా మనసులో మాట చెప్పుకోవడానికి చోటిస్తుంది. గైడు వాక్యం దింపిన రోజున ఆ చోటు మూసుకుపోతుంది. మార్కులు వస్తాయేమో గాని, పిల్ల మనసు మనకు తెలియదు.

ఇది మన పెద్దలు ఎరగని కొత్త విద్య కూడా కాదు. షేక్ సాదీ గులిస్తాన్ 1258లో రాశారు. పాత మదర్సాల్లో అది చదవనివారు లేరు. హికాయత్ నడిపి, దాని సారం తరచు ఒకటి రెండు షేర్లలో తేల్చేస్తారు. ఇటు మన రాయలసీమ వేమన్నదీ అటువంటి పద్ధతే. ఉప్పూ కర్పూరమూ చూడటానికి ఒక్కలా ఉంటాయి, రుచి చూస్తే తేడా తెలుస్తుందంటాడు, అది పోలిక. మనుషుల్లోనూ అంతే అని ముడి వేస్తాడు, అది కేంద్రభావం. చివర మకుటం. కడపలో పనిచేసిన బ్రౌన్ దొర ఈ పద్యాలు ఏరి 1829లో అచ్చువేయించారు. మన పిల్లలకు వేమన పద్యం ఇచ్చి, "ఇందులో పోలిక ఏది, కవి అన్న మాట ఏది, గీత గీసి విడదీయండి" అంటే పది నిమిషాల్లో పని తెలుస్తుంది. ఉర్దూ మీడియం వాళ్లకు తెలుగు పద్యం ఎందుకు అనేవారికి నా జవాబు ఇదే. ఇంత చిన్న పాత్రలో ఇంత తేటగా మర్కజీ ఖయాల్ మరెక్కడా దొరకదు.

గ్రంథం చదివితే అలంకారాలు లెక్కపెట్టడంతో సరిపోదు, అసలు విషయం ఎంత నిజమో, ఎంత బలమో చూడాలి అని ఉర్దూలో గట్టిగా చెప్పినవారు మౌలానా హాలీ. వారి ముకద్దమా-ఎ-షేర్-ఓ-షాయరీ 1893లో వచ్చింది. కవిత్వానికి సాదగీ, అస్లియత్, జోష్, ఈ మూడూ కావాలన్నారు. సాదాతనం, నిజం, ఆవేశం. తెలుగులో ఆ పని చేసినవారు మన చిత్తూరు కట్టమంచి వారు, రామలింగారెడ్డి గారు. వారి కవిత్వ తత్త్వ విచారము 1914లో వచ్చింది. ఒకరు పానిపట్టు మనిషి, ఒకరు చిత్తూరు మనిషి. ఇద్దరూ పాఠకుణ్ణి సొంత బుద్ధితో తూచమన్నారు.

ఒక భావం ఎంత దూరం ప్రయాణం చేస్తుందో పిల్లలకు చూపడానికి నేను రెండు ఉదాహరణలు వాడుతాను. ఇక్బాల్ గారి "పహాడ్ ఔర్ గిలెహ్రీ". కొండ ఉడుతను హేళన చేస్తుంది. ఉడుత, "నీ అంత పెద్దదాన్ని కాను, ఒప్పుకుంటా, మరి నువ్వు ఈ వక్క కొరికి చూపించు" అన్నట్టు జవాబిస్తుంది. దీని మూలం అమెరికా కవి ఎమర్సన్‌ది. అమెరికాలో పుట్టి, లాహోరులో ఉర్దూ గుడ్డలు కట్టుకుని, మన పులికాట్ ఒడ్డున తరగతిలో కూర్చుంది. మావాళ్లు రాసిన వాక్యం, "ఒకరి పని మరొకరు చేయలేనప్పుడు ఎవరూ చిన్నవారు కారు." కొండా లేదు, ఉడుతా లేదు, హుకుమూ లేదు. నాలుగు జల్లెడలూ దాటింది.

రెండోది జాషువా గారి ఫిరదౌసి. 1932 నాటి కావ్యం. షాహ్‌నామా రాసిన పారసీ కవికి గజనీ మహమ్మదు ప్రతి పద్యానికి ఒక బంగారు నాణెం ఇస్తానని మాట ఇచ్చి వెండి నాణేలు పంపిన కథ. "సుల్తాను మోసం చేశాడు" అంటే ఖులాసా. "మాట తప్పినవాడికి డబ్బు మిగులుతుంది, పేరు మిగలదు" అంటే మర్కజీ ఖయాల్. ఇంకొక సంగతి కూడా పిల్లలకు చెబుతాను. జాషువా గారు వినుకొండలో దళిత క్రైస్తవ కుటుంబంలో పుట్టి, కులం పేరుతో ఎన్నో అవమానాలు పడ్డవారు. వందల ఏళ్ల కిందటి ఒక ముస్లిం కవి దుఃఖం వారికి సొంత దుఃఖంలా తోచింది. వేరే మతం, వేరే దేశం, వేరే భాష. లోపలి భావం పట్టుకున్నవాడికి ఈ గోడలు అడ్డం రావు. మన పిల్లలకు ఈ కాలంలో ఇంతకన్నా పనికొచ్చే పాఠం నాకు కనబడలేదు.

భాష సంగతి కూడా చెప్పాలి. మన పిల్లలకు ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, తడ దాటితే తమిళం, పుస్తకంలో కితాబీ ఉర్దూ, పైన ఇంగ్లీషు. అయిదు భాషల మధ్య పిల్లవాడు నోరు మూసుకుంటాడు, మనం వాడికి ఆలోచన లేదనుకుంటాం. ఆలోచన ఉంది, దానికి వాకిలి దొరకలేదు. అందుకని మొదట ఇంటిమాటలోనే చెప్పమంటాను. "క్యా బోల్‌నా చాహ్‌రాఁయ్ ఇనోఁ?" అని వాడి మాటలోనే అడుగుతాను. చెప్పాక దాన్ని ఉర్దూలో రాయిస్తాను, తర్వాత తెలుగులో. తెలుగులో ఒక సౌకర్యముంది. "లేమి ఉంటే", "మాట తప్పితే" అని "తే" పెట్టి మొదలుపెడితే వాక్యం దానంతటదే సగం నడుస్తుంది. పక్కనున్న తమిళ ముస్లిములు తమిళాన్ని అరబీ లిపిలో రాసుకున్నారు, అర్వీ అంటారు. లిపి మారితే భావం మారిందా? 2022లో మన సూళ్లూరుపేట నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. బోర్డులు మారాయి, సరస్సు గాలిలో ఉప్పు మారలేదు. అర్థం అటువంటిది.

ఇప్పుడు ఫోనును అడిగితే ఏ కథకైనా భావం క్షణంలో రాసిస్తుంది, ఇంకా ఈ కష్టమెందుకు అని కొందరు యువకులు అడుగుతున్నారు. రాసిస్తుంది, కాదనను. గైడు కన్నా అందంగా కూడా రాయొచ్చు. కాని ఆ అమ్మాయి చీటీ మీద రాసిన మాట ఆ పిల్ల నోటి నుంచి రావలసిందే. పక్కవాడు అన్నం తింటే మన ఆకలి తీరదు గదా.

ఇక నా విన్నపాలు చెప్పి ముగిస్తాను. మొదటిది తల్లిదండ్రులకు. మగ్రిబ్ తర్వాతో, అన్నాలప్పుడో, పిల్లలు చదివిన కథ ఏదో చెప్పమనండి. చెప్పాక "కథ బాగుందా" అని వదిలేయకుండా, "ఇంతకీ ఏమంటాడు ఆ రాసినాయన?" అని ఒక్క ప్రశ్న వేయండి. చదువురాని తల్లి కూడా ఈ ప్రశ్న వేయవచ్చు. దానికి అక్షరం అక్కరలేదు. జవాబు మీకు నచ్చకపోయినా కోప్పడకండి. "గవాహ్ ఏది?" అని అడగండి. చాలు.

రెండోది మన సొసైటీకి. ప్రతి ఏడూ మనం నాత్, ఖిరాత్, వక్తృత్వం పోటీలు పెట్టి బహుమతులిస్తున్నాం. అవి ఉండాలి. వాటి పక్కన ఇంకొక చిన్న పోటీ పెట్టమని కోరుతున్నాను. పిల్లలకు ఎప్పుడూ చూడని ఒక పేజీ కథ ఇచ్చి, అరగంటలో ఒక్క వాక్యం, దానికి రెండు గవాహ్‌లు రాయమందాం. ఉర్దూలో రాసినా సరే, తెలుగులో రాసినా సరే. ఖర్చు కాగితాలకే.

మూడోది, మన రీడింగ్ రూములో బీరువాలో దీనీ కితాబుల పక్కన ఒక అర కథలకు కేటాయించండి. నెల్లూరు సీమలో మన ఇళ్ల సంగతులు రాసిన ఖదీర్‌బాబు గారి దర్గామిట్ట కతలు, కడప జిల్లా వేంపల్లి షరీఫ్ గారి జుమ్మా, ప్రేమ్‌చంద్, మధురాంతకం రాజారాం గారి కథలు, ఇటువంటివి పది పుస్తకాలతో మొదలుపెట్టినా చాలు. మన ఇంటి మాటలు, మన అమ్మీల మాటలు అచ్చులో చూసిన పిల్లవాడికి, తన మాటా రాయదగ్గదే అని ధైర్యం వస్తుంది.

చదువు అంటే ఇతరుల వాక్యాలు మోయడం కాదు, సొంత వాక్యానికి సాక్ష్యం చూపగలగడం అని నేను అనుకుంటున్నాను. మన పిల్లలకు ఆ ధైర్యాన్నీ, మన పెద్దలకు ఆ ఓపికనూ అల్లాహ్ ప్రసాదించాలని దుఆ చేస్తున్నాను.